ఒకే సంఘం, ఒకే బల్ల, రెండు పార్టీలు: తమ్ముడితో ఎనిమిది నెలలుగా మాటల్లేవు

నీలిగొడుగు (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప నేను పెద్దగా రాసింది లేదు. ఈసారి రాయక తప్పట్లేదు.

ఎన్నికలప్పుడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నాకూ మా తమ్ముడికీ గొడవైంది. వాడిది ఒక పార్టీ, నాది ఇంకోటి. ఏవో చెప్పను, చెబితే చర్చంతా అటే పోతుంది. మొదట జోకులు, తర్వాత వెటకారాలు, చివరికి "నువ్వసలు విశ్వాసివేనా" దాకా వెళ్ళింది. ఆ మాట అన్నది వాడు. నేనూ తక్కువేమీ తినలేదు. వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

ఇద్దరిదీ ఒకే సంఘం. ఆదివారం వాడు కుడివైపు కూర్చుంటాడు, నేను ఎడమవైపు. రొట్టె, ద్రాక్షారసం ఒకే బల్ల మీంచి తీసుకుంటాం, కళ్ళు మాత్రం కలవవు. పోయినవారం పాస్టర్ గారు సమాధానం గురించి వాక్యం చెబుతుంటే, "తమ్ముడు వింటున్నాడో లేదో, వింటే బాగుపడును" అనుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక అది గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నేను వాణ్ణి క్షమించేశాను. నిజంగానే. అయినా ఏమీ మారలేదు. కృప, క్షమాపణ అంటూ మనం చెప్పుకునేవి రాజకీయాల దగ్గర పనిచేస్తాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సూటిమాట (సోమవారం, రాత్రి 10:05)

సిస్టర్, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? మన పౌరస్థితి పరలోకంలో ఉందని ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో (3:20) చదువుతాం కదా. విశ్వాసికి పార్టీ ఏంటి? ఇద్దరూ రాజకీయాలు మానేసి ప్రార్థన చేసుకోండి. అయిపోతుంది.

చిరుగంట (సోమవారం, రాత్రి 10:21)

మానేయమంటే మానేసే పనైతే ఎనిమిది నెలల కిందే మానేసేవాళ్ళు కదా బ్రదర్!

నాకైతే ఇలాంటప్పుడు పన్నెండుమంది శిష్యులు గుర్తొస్తారు. మత్తయి సుంకరి, సర్కారు తరఫున పన్ను వసూలు చేసినవాడు. సీమోను జెలోతే, ఆ సర్కారును కూలదోయాలన్న పక్షం. ఇద్దర్నీ యేసు ప్రభువే పిలిచాడు. ఒకే పడవ, ఒకే భోజనం. వాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఉండుంటే ఎలా ఉండేదో!

పాతపుస్తకం (సోమవారం, రాత్రి 11:02)

చిరుగంట గారూ, ఈ పోలిక ప్రసంగాల్లో బాగా పండుతుంది. అందుకే రెండు సవరణలు. మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న కపెర్నహూము గలిలయలోది. అప్పుడు గలిలయను ఏలుతున్నది హేరోదు అంతిప, రోమాకు సామంతుడు. సుంకం ముందు చేరేది అతని చేతికే. ఇక జెలోతులు ఆయుధాలు పట్టిన పక్షంగా స్పష్టంగా కనబడేది క్రీ.శ. 66లో యూదుల తిరుగుబాటు నాటికి. యేసు కాలంలో ఆ మాటకు 'ధర్మశాస్త్రం కోసం రోషం గలవాడు' అన్నంత అర్థమే ఉండొచ్చని చాలామంది పండితులు అంటారు.

అంతమాత్రాన మీరు చెప్పింది కొట్టుకుపోదు. జనం దృష్టిలో సుంకరి అంటే అమ్ముడుపోయినవాడు. రోషం గలవాడు అలాంటివాడి పక్కన కూర్చుని తినడం చిన్న విషయం కాదు. నాకు వింతగా అనిపించేది ఇంకోటి. నాలుగు సువార్తల్లోనూ ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మాట ఒక్కటి కూడా లేదు. ఎవరు ఎవర్ని ఒప్పించారో లేదు. మత్తయి సువార్త జాబితాలో (10:3) 'సుంకరి' అన్న ముద్ర అలాగే ఉంది, లూకా జాబితాలో (6:15) సీమోను బిరుదూ అలాగే ఉంది. పాత సంగతులు చెరిపేసి కూర్చోబెట్టలేదన్నమాట.

ప్రశ్నలపెట్టె (మంగళవారం, ఉదయం 7:15)

నేను సంఘానికి వెళ్ళడం మానేసి చాలా రోజులైంది. కాబట్టి నా మాటకు ఎంత విలువిస్తారో మీ ఇష్టం.

సూటిమాట గారూ, "రాజకీయాలు వద్దు, ఐక్యంగా ఉందాం" అని నాకు చెప్పిన ప్రతి ఒక్కరికీ ఉన్న పరిస్థితి ఉన్నట్టుగానే హాయిగా ఉంది. మా ఇంటివాళ్ళకు జరిగిన అన్యాయం గురించి ప్రార్థించమని అడిగితే "అది రాజకీయం, ఇక్కడొద్దు" అన్నారు. మీకది రాజకీయం, మాకు రోజూ తెల్లారితే ఎదురయ్యే బతుకు. ఒకడు ఇంకొకడి కాలు తొక్కి నిలబడ్డాడు, వీడు అరుస్తున్నాడు. మధ్యలో పెద్దమనిషి వచ్చి "ఇద్దరూ శాంతించండి" అంటే ఎవర్ని నోరు మూసుకోమన్నట్టు?

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్లో బర్మింగ్‌హామ్ జైల్లో కూర్చుని జవాబు రాసింది తనను కొట్టినవాళ్ళకు కాదు. తొందరెందుకు, కాస్త ఆగండి అన్న ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలకు.

సూటిమాట (మంగళవారం, ఉదయం 7:48)

అంటే సంఘాన్ని పార్టీ ఆఫీసు చేద్దామా? అవతలి పార్టీకి ఓటేసినవాడు వస్తే గుమ్మంలోనే ఆపేద్దామా? రేపు వాళ్ళూ అదే చేస్తారు.

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

మూడు వ్యాఖ్యలు తీసేశాం. పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ వద్దు. దయచేసి నీలిగొడుగు గారి ప్రశ్న దగ్గరికి రండి.

పాతపుస్తకం (మంగళవారం, రాత్రి 9:30)

నిర్వాహకులు క్షమించాలి, కొంచెం చుట్టు తిరిగి వస్తాను.

దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్‌డ్ సంఘం 1829లో ఒక తీర్మానం చేసింది: ప్రభువు బల్ల రంగు తేడా లేకుండా అందరికీ ఒకేసారి ఇవ్వాలని. 1857 వచ్చేసరికి ఇంకో తీర్మానం. కలిసి ఆరాధించడమే వాక్యానుసారం అని ఒప్పుకుంటూనే, 'కొందరి బలహీనత' వల్ల ఇబ్బంది ఉన్నచోట వేరే కట్టడంలో పెట్టుకోవచ్చన్నారు. చూడండి, దానికి ఎవరూ ద్వేషం అని పేరు పెట్టలేదు. బలహీనుల మీద జాలి అన్నారు, సంఘంలో గొడవ వద్దన్నారు. 1881లో తెల్లవారు కానివాళ్ళకు వేరే సంఘమే పెట్టారు. 1948 తర్వాత ప్రభుత్వం వర్ణవివక్షను చట్టం చేసినప్పుడు దానికి బైబిలు వచనాలు అందించిన బోధకులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆ వేరుచేసిన సంఘంలోంచే 1982లో బెల్హార్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటన పుట్టింది. క్రీస్తులో ఒకటైనవాళ్ళను రంగును బట్టి విడదీయడం తప్పని, దేవుడు న్యాయం పక్షాన నిలబడతాడని అందులో రాసి, 1986లో ఆమోదించుకున్నారు.

అమెరికా మెథడిస్టులది ఇంకో కథ. బానిసలున్న ఒక బిషప్పు విషయంలో 1844లో ఉత్తరం, దక్షిణం విడిపోయాయి. 1939లో మళ్ళీ కలిశాయి. పండగే. కానీ కలవడానికి ఒక షరతు: నల్లజాతి సంఘాల్లో చాలావాటిని, అవి ఏ ప్రాంతంలో ఉన్నా సరే, 'సెంట్రల్ జ్యూరిస్డిక్షన్' అనే వేరే విభాగంలో పెట్టారు. 1968 దాకా అది తీయలేదు. అన్నదమ్ములిద్దరూ రాజీపడి ఖర్చు మూడోవాడి ఖాతాలో రాశారు.

అందుకే 'కలిసిపోయాం' అని ఎవరైనా చెబితే సంతోషించే ముందు ఆ రోజు గదిలో ఎవరు లేరో చూస్తాను. నా జబ్బనుకోండి.

ప్రశ్నలపెట్టె (మంగళవారం, రాత్రి 9:52)

ఆ జబ్బు నాకూ ఉంది. థాంక్స్.

కాపరిపిలుపు (బుధవారం, ఉదయం 5:30)

అమ్మా నీలిగొడుగూ, నేను రిటైరైన పాస్టర్ని. ఫోన్లో టైపు చేయడం నాకు కష్టం, తప్పులుంటే సర్దుకోండి.

మత్తయి 5:23 నీకు తెలిసిందే. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ సహోదరుడి సంగతి గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని. 30 ఏళ్ళకు పైగా బల్లకు ముందు అది చదివాను. చదవగానే అందరూ తలొంచుకుని, తమకు ఎవరి మీద కోపం ఉందా అని వెతుక్కునేవాళ్ళు. నేనూ అదే చేసేవాణ్ణి. కానీ వాక్యం అడిగేది అది కాదమ్మా. 'నీ మీద నీ సహోదరుడికి ఏమైనా ఉంటే' అని. నీకు వాడి మీద ఉన్నదాని సంగతి ఆ వచనంలో లేనే లేదు.

నువ్వు తమ్ముణ్ణి క్షమించానన్నావు. మంచిదే. వాడికి నీ మీద ఏముంది? నువ్వు రాసినదాంట్లో అది కనబడలేదు.

ఇంకొకటి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒకసారి ఎన్నికల తర్వాత మా సంఘంలో ఇద్దరు పెద్దలు మాట్లాడుకోవడం మానేశారు. నేను ఒక ఆదివారం ఇద్దర్నీ స్టేజీ మీదికి పిలిచి కౌగిలించుకోమన్నాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను కూడా. ఇద్దరిలో ఒకాయన మరుసటి ఆదివారం నుంచి రాలేదు. రెండోవాడు ఆయన గురించి ఒక అబద్ధం చెప్పి చేతిలో ఉన్న పని పోగొట్టాడని నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఏం జరిగిందని అడగకుండానే కౌగిలించుకోమన్నాను. కృపను అలా వాడకూడదు.

సూటిమాట (బుధవారం, ఉదయం 8:12)

అయ్యగారూ, మీ మాట గుచ్చుకుంది. నేను మొదట్లో విసురుగా రాశాను, ఒప్పుకుంటున్నా.

కానీ ఒక్క ప్రశ్న. అవతలివాడు తప్పు ఒప్పుకునేదాకా క్షమించకూడదంటే కృప ఎక్కడ? ఉత్తర ఐర్లాండ్‌లో ఎన్నిస్కిలెన్ ఊళ్ళో 1987 నవంబరు 8న బాంబు పేలింది. గార్డన్ విల్సన్ అనే మెథడిస్టు విశ్వాసి కూతురు మేరీ, 20 ఏళ్ళ నర్సు, శిథిలాల కింద తండ్రి చెయ్యి పట్టుకుని ఉండి, ఆ రోజే చనిపోయింది. ఆ సాయంత్రమే ఆయన టీవీవాళ్ళతో, చంపినవాళ్ళ మీద తనకు పగ లేదన్నాడు. ఎవరూ ఆయన్ని క్షమాపణ అడగలేదు.

ప్రశ్నలపెట్టె (బుధవారం, ఉదయం 8:40)

ఆయన తనంతట తాను ఇచ్చాడు. ఎవరూ ఆయన్ని స్టేజీ ఎక్కించి ఇప్పించలేదు. ఇవ్వడం మానేసి ఉంటే "నీలో కృప లేదు" అని ఆయన మొహాన అనే హక్కు ఎవరికీ లేదు. నాకు చేసింది సరిగ్గా అదే.

పాతపుస్తకం (బుధవారం, రాత్రి 10:15)

విల్సన్ కథ అక్కడితో అయిపోలేదు. 1993లో ఆయన, ఆ బాంబు పెట్టిన సాయుధ సంస్థ ఐఆర్‌ఏ మనుషుల్ని కలిసి, హింస ఆపమని అడిగాడు. వాళ్ళు ఒప్పుకోలేదు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పగ లేదన్నవాడు నిజాన్ని నిలదీయడం మానలేదు.

ఇదే ప్రశ్న దక్షిణాఫ్రికాలో, వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ ముందూ వచ్చింది. ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షుడు, 1996 ఏప్రిల్లో మొదటి విచారణ. రాజకీయ కారణంతో నేరం చేసినవాడు పూర్తిగా, దాచకుండా చెబితే శిక్ష తప్పుతుంది. పశ్చాత్తాపపడాలన్న షరతు లేదు, నిజం చెప్పాలన్న షరతు ఉంది. 7,000కు పైగా దరఖాస్తులు వస్తే ఎక్కువ భాగం తిరస్కరించారు. వర్ణవివక్ష మీద పోరాడి 1977లో పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బికో కుటుంబం అసలు ఆ పద్ధతే వద్దని కోర్టుకెళ్ళింది. మాకు న్యాయం కావాలి, మా తరఫున మీరెలా మాఫీ చేస్తారని. కోర్టులో ఓడిపోయారు. అయితే బికో కేసులో పోలీసులు అడిగిన మాఫీని కమిషన్ 1999లో ఇవ్వలేదు. బికో కుటుంబం అడిగినదాంట్లో కృపకు విరుద్ధమైనదేదీ నాకు కనబడదు.

గువ్వ (గురువారం, ఉదయం 6:50)

పెద్ద పెద్ద సంగతుల మధ్య ఒక చిన్నది చెబుతాను. మా సంఘంలో సహాయనిధి పుస్తకం నా దగ్గరుండేది. రెండేళ్ళ క్రితం ఒక మాట పుట్టింది, సాయమంతా ఫలానా పార్టీవాళ్ళ ఇళ్ళకే పోతోందని. నాకు ఒళ్ళు మండింది. రాత్రంతా కూర్చుని లెక్కలు తీశాను, నేనెంత న్యాయంగా ఉన్నానో చూపిద్దామని. తీస్తే వాళ్ళన్నదే చాలావరకు నిజం. నేను కావాలని చేయలేదు. నాకు తెలిసినవాళ్ళే నన్ను అడిగారు, అడిగినవాళ్ళకే ఇచ్చాను. నాకు తెలిసినవాళ్ళంతా ఒకవైపువాళ్ళే!

అప్పుడు మా పాస్టర్ గారు అపొస్తలుల కార్యములు 6 తీశారు. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు "సణగకండి, ఐక్యంగా ఉండండి" అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ళ చేతికే పంపకం అప్పగించినట్టుంది కదా అన్నారు పాస్టర్ గారు.

పుస్తకం ఇచ్చేశాను. ఇప్పుడు నా మీద గట్టిగా అరిచినావిడ దగ్గరుంది. ఆవిడ ఓటు మారలేదు, నాదీ మారలేదు. నెలకోసారి లెక్కలు సరిచూడ్డానికి కూర్చుంటాం. నా కూడికలో తప్పులు పట్టుకోవడమంటే ఆవిడకు మహా సరదా.

ప్రశ్నలపెట్టె (గురువారం, ఉదయం 7:20)

గువ్వ గారూ, ఇలాంటి సంఘం ఒకటుందని నాకు ముందే తెలిస్తే బాగుండేది.

నీలిగొడుగు (గురువారం, రాత్రి 11:48)

మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. కాపరి గారు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు వెంటనే తెలుసు. రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

గొడవ మొదలైంది జోకులతో కాదు. నేను గ్రూపులో ఒక వీడియో పెట్టాను. వాడి పార్టీవాళ్ళు ఒక ముసలాయన్ని కొడుతున్నట్టు. "వీళ్ళతోనా నువ్వు తిరిగేది" అని కింద రాశాను. తమ్ముడు ఆ సభలకు వెళ్ళేవాడని మావాళ్ళందరికీ తెలుసు. పెద్దవాళ్ళు వాడికి ఫోన్లు చేసి తిట్టారు. రెండు రోజుల తర్వాత నాకు తెలిసింది, అది ఎప్పటిదో పాత వీడియో, ఎక్కడిదో, ఈ పార్టీకి సంబంధమే లేదు. నేను చప్పుడు చేయకుండా డిలీట్ చేశాను. తప్పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. "నువ్వసలు విశ్వాసివేనా" అని వాడు అడిగింది ఆ తర్వాత.

పైగా "వాణ్ణి నేను క్షమించేశాను" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

వాడికి ఇది పంపుదామనుకుంటున్నాను: "ఆ వీడియో విషయంలో నాది తప్పే. అప్పుడు నేనూ ఆవేశంలో ఉన్నాను, నువ్వూ నా మాటలకు రెచ్చిపోయావు. జరిగిందేదో జరిగింది, అమ్మ కోసమైనా కలిసి ఉందాం. సారీ." ఎలా ఉంది?

గువ్వ (శుక్రవారం, ఉదయం 6:05)

అక్కా, రాయడానికి ఎంత కష్టమైందో తెలుస్తోంది. మొదటి వాక్యం ఉంచండి. "నువ్వూ రెచ్చిపోయావు" తీసేయండి.

చిరుగంట (శుక్రవారం, ఉదయం 6:31)

"జరిగిందేదో జరిగింది" కూడా. అది వాడు అనాల్సిన మాట, మీరు కాదు. "అమ్మ కోసమైనా" అంటే వాడు కాదనడానికి వీల్లేకుండా చేసినట్టు ఉంది.

ప్రశ్నలపెట్టె (శుక్రవారం, ఉదయం 7:02)

వీడియో పెట్టింది అందరి ముందు. సారీ చెప్పేది ఒక్కడికేనా? ఆ పెద్దవాళ్ళందరూ ఇప్పటికీ అది నిజమనే అనుకుంటున్నారు కదా.

ఇది వద్దనుకుంటే వదిలేయండి. మీకు ఇది చాలా కష్టమని తెలుసు.

పాతపుస్తకం (శుక్రవారం, ఉదయం 9:15)

ఒక చిన్న సంగతి చెప్పి ఆగిపోతాను. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు, అంటే యూదులు కానివాళ్ళు, దాటకూడని అడ్డుగోడ ఉండేది. దాటి పట్టుబడ్డవాడి చావుకు వాడిదే బాధ్యత అని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది. క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడని ఎఫెసీయులకు రాసిన పత్రికలో చదివేటప్పుడు చాలామందికి ఆ గోడే గుర్తొస్తుంది. పౌలును యెరూషలేములో పట్టుకుని కొట్టింది, అన్యుణ్ణి ఆ గోడ దాటించాడన్న ఆరోపణ మీదే. అపొస్తలుల కార్యములు 21:29 చూడండి. త్రోఫిము అనే ఎఫెసీయుణ్ణి పౌలుతో పట్టణంలో చూశారు, గుళ్ళోకి తెచ్చాడని *అనుకున్నారు*. అంతే. ఊరంతా కదిలింది. అప్పట్లో ఫోన్లు లేకుండానే.

కాపరిపిలుపు (శుక్రవారం, సాయంత్రం 6:20)

అమ్మా, పంపే ముందు ఒక మాట. వాడు జవాబివ్వకపోవచ్చు. దానికి సిద్ధపడి పంపు.

నీలిగొడుగు (ఆదివారం, రాత్రి 8:55)

శుక్రవారం రాత్రి గ్రూపులోనే పెట్టాను. "ఎన్నికలప్పుడు నేను పెట్టిన వీడియో అబద్ధం. రెండు రోజుల్లోనే నాకు తెలిసింది, అయినా చెప్పలేదు. దానివల్ల తమ్ముణ్ణి మీరందరూ తిట్టారు. తప్పు నాది." అంతే రాశాను. ఒక పెద్దాయన బొటనవేలు గుర్తు పెట్టారు. మిగతావాళ్ళు చూసి ఊరుకున్నారు. వాడు గ్రూపులో లేడు కాబట్టి వాడికి విడిగా పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. శనివారమంతా ఫోన్ చూస్తూనే ఉన్నాను.

ఈరోజు ఆరాధన అయ్యాక పార్కింగ్ దగ్గర ఎదురొచ్చాడు. "అత్త ఫోన్ చేసి సారీ చెప్పింది" అన్నాడు. నేనేదో అనబోతే, "నా ఓటు మాత్రం మారదు" అన్నాడు. "నాదీ మారదు" అన్నాను. కాసేపు ఇద్దరం హెల్మెట్లు పట్టుకుని నిలబడ్డాం.

వెళ్తూ వెళ్తూ "గ్రూపులో మళ్ళీ చేర్చు, కానీ నిన్ను మ్యూట్‌లో పెడతా" అన్నాడు. గ్రూపును మ్యూట్ చేయొచ్చు గానీ ఒక మనిషిని విడిగా చేయలేం కదరా అన్నాను. వాడు నవ్వాడో లేదో సరిగ్గా కనబడలేదు, అప్పటికే హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

చిరుగంట (ఆదివారం, రాత్రి 9:03)

నవ్వే ఉంటాడు అక్కా!

ప్రశ్నలపెట్టె (ఆదివారం, రాత్రి 10:30)

కాపరి గారూ, అడగొచ్చో లేదో. ఆ రోజు స్టేజీ దిగి వెళ్ళిపోయిన పెద్దాయన ఇప్పుడెక్కడున్నారో మీకు తెలుసా?

కాపరిపిలుపు (సోమవారం, ఉదయం 5:10)

తెలుసు బాబూ. ఇంటి దారి కూడా గుర్తుంది.